పరాయి గడ్డమీద వరాహగిరి

వలస అంటే ఏమిటో మన రెండు జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో బయలుదేరిన పాలమూరు కూలీలు ఈ దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోశారు. నల్గొండ పల్లెలనుంచి మగ్గం పని వచ్చినవాళ్లు సూరత్‌కు, భివండీకి వెళ్లి అక్కడే స్థిరపడిపోయారు. ఆ తరువాత దుబాయి దారి తెరుచుకుంది. విచారణ పుస్తకంలో జ్ఞానస్నానం రాసి ఉంటుంది, మనిషి మాత్రం వెయ్యి మైళ్ల అవతల ఉంటాడు. అందుకే ఈ వారం మీకు ఒక వలస విద్యార్థి కథ చెప్పాలనుకున్నాను. ఆయన పేరు మీకు తెలిసిందే, వరాహగిరి వెంకటగిరి. మన దేశానికి నాలుగవ రాష్ట్రపతి. పెద్దవాళ్లకు ఆయన 1969 ఎన్నికవల్ల గుర్తుంటారు. కాని పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన ఐర్లండు వెళ్లారనీ, మూడేళ్లు గడిచాక అక్కడి ప్రభుత్వం నెల గడువు ఇచ్చి వెళ్లిపొమ్మన్నదనీ మనలో తెలిసినవారు తక్కువ. ఆయన ఆ తరువాత బ్రతికిన అరవై నాలుగేళ్లూ అర్థం కావాలంటే ఆ మూడేళ్లు తెలియాలి.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. బరంపురం ఈనాడు ఒడిశాలో ఉంది. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఆ ఊరు అటు వెళ్లిపోయింది. తెలుగువాళ్లు మాత్రం ఊరు కదలలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కచేరీలో ఇంగ్లీషు మాట్లాడుకుంటూ నేటికీ అక్కడే ఉన్నారు. ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రం వాళ్లైపోవడం కూడా ఒక రకం వలసే అనుకుంటాను. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ కూడా జాతీయోద్యమంలో పనిచేసిన మనిషి. గిరి ఊళ్లోని ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఓడ ఎక్కారు.

అప్పటి మన బారిస్టర్లంతా లండన్ వెళ్లారు గదా, ఈయన డబ్లిన్ ఎందుకు వెళ్లారని మీరు అడగవచ్చు. 1909 జులైలో లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా అనే పంజాబీ విద్యార్థి కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చి చంపాడు. అప్పటినుంచి లండన్‌లో భారతీయ విద్యార్థి కనబడితే చాలు, పోలీసులకు అనుమానం. అక్కడి న్యాయవిద్యా సంస్థలలో చేరడం కష్టమైంది. డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. అలా కొంతమంది భారతీయ కుర్రవాళ్లు ఐర్లండు చేరారు. వాళ్లలో గిరి ఒకరు.

కింగ్స్ ఇన్స్‌తో పాటు గిరి యూనివర్సిటీ కాలేజీలో కూడా చేరారు. ఆ కాలేజీ చరిత్ర మనకు దగ్గరిది. 1854లో న్యూమన్ గారు (తరువాత కార్డినల్, ఇప్పుడు పునీతులు) మొదటి అధ్యక్షులుగా నెలకొల్పిన కతోలిక విశ్వవిద్యాలయమే దానికి మూలం. తరువాత యేసుసభ గురువులు దాన్ని నడిపారు. 1908 చట్టంతో అది జాతీయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. బరంపురం బ్రాహ్మణ కుటుంబపు కుర్రవాడు తన జీవితంలో మొదటిసారి చుట్టూ కతోలికులే ఉన్న దేశంలో ఉండవలసి వచ్చింది. ఆ కతోలికులు కూడా తన లాగే ఇంగ్లీషు ప్రభుత్వం కింద బ్రతుకుతున్నవాళ్లు.

ఐరిష్ వాళ్లకు వలస బాధ మనకంటె ఎక్కువ తెలుసు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన కరువులో సుమారు పదిలక్షల మంది చనిపోయారు, మరి పదిలక్షలకు పైగా ఓడలెక్కి అమెరికాకో మరో చోటికో పోయారు. గిరి వెళ్లేనాటికి డబ్లిన్ యూరప్‌లో అతి బీద నగరాలలో ఒకటి. పూర్వం దొరలు కట్టుకున్న మేడలను గదులు గదులుగా విడదీసి అద్దెకిచ్చేవారు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. 1913 సెప్టెంబరు 2న చర్చి స్ట్రీట్‌లో అలాంటి ఇళ్లు రెండు కూలి ఏడుగురు చనిపోయారు.

ఆ ఏడాదే డబ్లిన్ కార్మికుల పెద్ద పోరాటం జరిగింది. ఆగస్టు 26న ట్రాము కార్మికులు బండ్లు ఆపేశారు. యజమానులందరూ ఒక్కటై, రవాణా కార్మికుల సంఘంలో ఉండబోమని కాగితంమీద సంతకం పెట్టినవాళ్లకే పని ఇస్తామన్నారు. సుమారు ఇరవై వేలమంది కార్మికులు పనిలేక ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. యజమానుల నాయకుడు విలియం మార్టిన్ మర్ఫీ కతోలికుడే. వీధిన పడ్డవాళ్లలో ఎక్కువమంది కతోలికులే. ఆదివారం ఇద్దరూ ఒకే దేవాలయంలో మోకరించేవారు.

ఇక్కడ మన శ్రీసభ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆకలితో ఉన్న కార్మికుల పిల్లలను పోరాటం ముగిసేదాకా తమ ఇళ్లలో ఉంచుకుంటామని ఇంగ్లండు కుటుంబాలు కొన్ని ముందుకొచ్చాయి. డబ్లిన్ అగ్రపీఠాధిపతి విలియం వాల్ష్ గారు అది కూడదన్నారు. కతోలికులు కానివాళ్ల ఇళ్లలో పిల్లల విశ్వాసం ఏమవుతుందోనని ఆయన భయం. కొందరు గురువులు ఓడరేవుకు, రైలు స్టేషనుకు వెళ్లి పిల్లలను వెనక్కి తెచ్చారు. వాల్ష్ గారు కార్మికులకు శత్రువు కాదు, ఈ తగువు త్వరగా తీరాలని కోరినవారే. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కాని అప్పటికి 22 ఏళ్ల క్రితమే, 1891లో, 13వ సింహరాయ జగద్గురువులు రేరుమ్ నొవారుమ్ విశ్వలేఖ రాసి, కూలివాడికి సంఘం పెట్టుకునే హక్కు ఉందని ఒప్పుకున్నారు. ఆ విశ్వలేఖను డబ్లిన్ దేవాలయాలలో ఇంకా గట్టిగా వినిపించి ఉంటే, పిల్లలను పంపాలా వద్దా అనే తగాదాకు అవసరమే ఉండేది కాదని నా అభిప్రాయం. 1914 మొదటి నెలలలో కార్మికులు ఓడిపోయి తిరిగి పనిలోకి వెళ్లారు. సంఘం మాత్రం బ్రతికింది. దాని నాయకులు జేమ్స్ లార్కిన్, జేమ్స్ కన్నోలీ. తాను కార్మికోద్యమంలోకి రావడానికి ఐర్లండులో చూసినదే ప్రేరణ అని గిరి పెద్దయ్యాక చెప్పుకున్నారు.

పరాయి ఊళ్లో ఉన్నవాళ్లు ముందు తమవాళ్లను వెతుక్కుంటారు. డబ్లిన్ భారతీయ విద్యార్థులూ అలాగే ఒకచోట చేరారు. అయితే వాళ్లు చేరి మాట్లాడుకున్నది ఊరి కబుర్లు మాత్రమే కాదు. అప్పుడు దక్షిణాఫ్రికాలో భారతీయ కూలీల పోరాటం జరుగుతోంది. 1860నుంచి నటాల్ చెరకు తోటలకు అయిదేళ్ల ఒప్పందంమీద వెళ్లినవాళ్లు వాళ్లు. వాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, అంటే గిరి సొంత జిల్లావాళ్లన్నమాట. ఒప్పందం తీరాక అక్కడే ఉండదలచినవాళ్లమీద మనిషికి ఏటా మూడు పౌన్ల పన్ను వేశారు. కూలివాడు ఆరు నెలలు కష్టపడినా పోగుచేయలేని డబ్బు అది. 1913 నవంబరులో గాంధీగారు వేలమంది కూలీలతో సరిహద్దు దాటి నడిచింది దానిమీదే. గిరి, ఆయన స్నేహితులు ఆ కూలీలమీద జరిగిన దౌర్జన్యాల గురించి ఒక కరపత్రం అచ్చువేసి భారతదేశానికి పంపారు. అది పోలీసుల చేతిలో పడింది. ఆ రోజునుంచి డబ్లిన్ విద్యార్థుల మీద కూడా నిఘా, సోదాలు మొదలయ్యాయి. ఐర్లండులో ఉన్న వలసవాడు ఆఫ్రికాలో ఉన్న వలసవాడికోసం మాట్లాడాడు. ప్రభుత్వానికి అదే పెద్ద నేరంగా కనబడింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. గాంధీగారు ఆ నెలలోనే లండన్ చేరారు. గిరి వెళ్లి ఆయనను కలిశారు. గాయపడ్డ సైనికులకు సేవ చేసే దళంలో చేరమన్నారు గాంధీగారు. గిరి సరేనన్నారు గాని, తరువాత మనసు ఒప్పలేదు. ఐర్లండును అణచిపెట్టి ఉంచిన ప్రభుత్వం యుద్ధానికి తాను సాయపడటం ఏమిటనిపించింది. ఆ సంగతి చెప్పగా గాంధీగారు కోపగించకుండా ఆ మాటనుంచి విడిపించారు, నలుగురిలో దాన్ని ఎత్తలేదు.

ఇదే కాలంలో మరో ఆసియా దేశపు యువకుడు కూడా యూరప్‌లో తిరుగుతున్నాడు. నవంబరు 24న మనం దివ్యపూజలో అంద్రెయ దూంగ్ లాక్, ఆయన సహచర వేదసాక్షులను తలుచుకుంటాం గదా, ఆ వియత్నాం దేశస్థుడే. 1911 జూన్‌లో సైగాన్ రేవులో ఫ్రెంచి ఓడలో వంటపనివాడిగా చేరి దేశం విడిచాడు. యుద్ధం వచ్చాక ఫ్రాన్సు తన ఆయుధ కర్మాగారాలకు, సైన్యానికి తొంభై వేలకు పైగా వియత్నాం మనుషులను ఓడలమీద తెచ్చుకుంది. పని తీరాక చాలామందిని వెనక్కి పంపింది. కొందరు ఉండిపోయారు. నేడు ఫ్రాన్సులో ఉన్న పెద్ద వియత్నాం సంఘానికి తొలి వేర్లు అవే. 1975 తరువాత ప్రాణాలు అరచేత పట్టుకుని పడవలలో పారిపోయినవాళ్లు, వాళ్లలో ఎంతోమంది కతోలికులు, వచ్చి కలిసింది ఆ సంఘంలోనే. పారిస్‌లో వారికి వారి భాషలోనే పూజ జరుగుతుంది. ఆ వంటపనివాడు 1919లో పారిస్‌లో వియత్నాం వలసవాళ్ల తరపున మిత్రరాజ్యాల సమావేశానికి హక్కులు కోరుతూ మహజరు పంపాడు. ఎవరూ బదులివ్వలేదు. అతనే హోచిమిన్. అతడు పట్టిన దారి వేరు, ఆ దారిలో మన శ్రీసభ పడిన కష్టాలు మీకు తెలుసు. గిరి దారి వేరు. కాని ఏలుతున్నవాడి దేశానికి వెళ్లి, అక్కడి బీదవాళ్లను దగ్గరగా చూసి, కొత్త కళ్లతో సొంత దేశాన్ని చూడటం ఇద్దరిలోనూ కనబడుతుంది.

1916లో పాస్క పండుగ మరునాడు, ఏప్రిల్ 24 సోమవారం, డబ్లిన్‌లో తిరుగుబాటు మొదలైంది. శనివారానికి అణచివేశారు. ఊరి నడిబొడ్డు ఫిరంగి గుండ్లకు కాలిపోయింది. దీని నాయకులలో ఒకరు థామస్ మెక్‌డొనా. ఆయన కవి, యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే అధ్యాపకుడు. గిరి ఆయన పాఠాలు విన్నారు. ఆ వారం మాస్టారు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీని పట్టుకుని అందులోనుంచి దళాన్ని నడిపారు. మే 3న కిల్‌మైనమ్ జైలులో ఆయనను కాల్చి చంపారు. మే 12న జేమ్స్ కన్నోలీ వంతు వచ్చింది. కాలి గాయంవల్ల నిలబడలేకపోతే కుర్చీకి కట్టి కాల్చారు. చాలాకాలం శ్రీసభకు దూరంగా ఉన్న కన్నోలీ, చనిపోయే ముందు ఒక కపూచిన్ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ల బరంపురం విద్యార్థికి ఇవి పత్రికలో చదివిన వార్తలు కావు. పాఠం చెప్పిన మనిషి తరగతికి మళ్లీ రాలేదు.

పోలీసుల అనుమానం ఇప్పుడు భారతీయ విద్యార్థులమీదికి తిరిగింది. జూన్ 1న గిరికి నెల గడువు ఇచ్చి దేశం వదలమన్నారు. జూన్ 21న ఆయన పేరు బారిస్టరుగా నమోదైంది. యూనివర్సిటీ కాలేజీలో బి.ఏ. మాత్రం పూర్తికాలేదు. పెట్టె సర్దుకుని ఓడ ఎక్కారు.

బరంపురంలో వకీలు పని బాగానే సాగింది గాని, 1920లో సహాయ నిరాకరణకోసం దాన్ని విడిచిపెట్టారు. సారా దుకాణాల ముందు ధర్నాకు 1922లో మొదటిసారి జైలుకు వెళ్లారు. అప్పటికే ఆయన మనసు రైలు కార్మికులమీద ఉంది. డబ్లిన్‌లో ట్రాములు నడిపేవాళ్లు, రేవులో బరువులు మోసేవాళ్లు ఎలా ఏకమయ్యారో చూసిన మనిషికి, మన దేశంలో రైలు కార్మికులే కనబడ్డారు. పట్టాల పక్కన సమ్మెటలతో పనిచేసే గ్యాంగ్‌మెన్, బొగ్గు వేసే ఫైర్‌మెన్, గేటు కాచే మనుషులు. రెండు ఊళ్లను కలిపే పట్టాలమీద వాళ్ల బ్రతుకు, ఏ ఊరికీ చెందినట్టు ఉండదు. 1920ల మొదట్లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య పుట్టినప్పుడు పెట్టినవాళ్లలో గిరి ఒకరు. పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శి. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు తీసివేసిన కార్మికులకోసం నడిపిన సమ్మెలో ఒక్క రాయి పడకుండా కంపెనీచేత కోరికలు ఒప్పించారు. 1926లోనూ 1942లోనూ ఏ.ఐ.టి.యు.సి. అధ్యక్షులు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా అదే హోదాలో వెళ్లారు. పదిహేనేళ్ల క్రితం వెళ్లిపొమ్మన్నవాళ్ల రాజధానికి ఇప్పుడు వాళ్ల ఆహ్వానంమీదే వెళ్లారన్నమాట.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డమీదే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. ఈ ఘట్టాలు మీరు బడి పుస్తకాలలో చదివి ఉంటారు, వాటి దగ్గర ఆగను.

ఆగవలసింది సిలోన్ దగ్గర. 1947లో స్వతంత్ర భారతదేశం గిరిని సిలోన్‌కు, అంటే నేటి శ్రీలంకకు, హైకమిషనరుగా పంపింది. అక్కడి కొండలమీద టీ తోటలలో లక్షలమంది తమిళ కూలీలు మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. తాతలు మదురై, తిరుచ్చి వైపునుంచి వచ్చినవాళ్లు, మనుమలు అక్కడే పుట్టినవాళ్లు. 1948లో సిలోన్ పార్లమెంటు పౌరసత్వ చట్టం చేసింది. తండ్రి తాతలు అక్కడ పుట్టినట్టు కాగితం చూపమంటే టీ ఆకు కోసే మనిషి ఎక్కడనుంచి తెస్తుంది? సుమారు ఏడు లక్షలమంది ఒక్క చట్టంతో ఏ దేశానికీ చెందనివాళ్లైపోయారు. నటాల్ కూలీలకోసం కరపత్రం అచ్చువేసిన మనిషి ఇప్పుడు అధికారం ఉన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాని ఆ కుర్చీకి ఉన్నది మాట్లాడే అధికారం మాత్రమే. మాట్లాడారు, చట్టం ఆగలేదు. 1951లో ఆయన తిరిగి వచ్చేనాటికీ ఆ కూలీల సమస్య అలాగే ఉంది. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందంతో అయిదు లక్షలమందికి పైగా భారతదేశానికి పంపాలని నిర్ణయించారు. తాము ఎన్నడూ చూడని సొంత దేశానికి వలస వచ్చారు వాళ్లు. గిరి జీవితంలో ఇది ఓటమి అనే అంటాను. ఓడిపోతానని తెలిసినా పరాయిదేశంలో ఉన్న కూలివాడి తరపున నిలబడటం చిన్న పని కాదని కూడా అంటాను.

1952లో పాతపట్నంనుంచి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రభుత్వం ప్రతిదానికీ తీర్పు రుద్దకూడదు అన్నది ఆయన పట్టు. దానికి గిరి పద్ధతి అనే పేరు నిలిచిపోయింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించింది. ఆ నిర్ణయానికి తాను మంత్రిగా బాధ్యత వహించలేనని ఆగస్టులో రాజీనామా ఇచ్చారు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు, 1967లో ఉపరాష్ట్రపతి పదవి తరువాత వచ్చాయి. 1969లో జాకీర్ హుస్సేన్ గారు చనిపోగా జరిగిన ఎన్నికలో, కాంగ్రెసు నిలబెట్టిన నీలం సంజీవరెడ్డి గారిమీద స్వతంత్రుడిగా పోటీచేసి, రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గెలిచారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ ఎన్నికవల్ల కాంగ్రెసు రెండు ముక్కలైంది.

చివరి పరీక్ష 1974లో వచ్చింది. మే 8న దేశమంతటా రైళ్లు ఆగిపోయాయి. లక్షలమంది కార్మికులు సమ్మె చేశారు. కాజీపేట, సికింద్రాబాద్ రైల్వే కుటుంబాలలో పెద్దవాళ్లకు ఆ రోజులు ఇంకా గుర్తుండాలి. వేలమందిని జైళ్లలో పెట్టారు, రైల్వే క్వార్టర్లనుంచి భార్యాపిల్లలను సామాన్లతో సహా బయట పెట్టారు. సమ్మె నడిపినది గిరి పునాది వేసిన ఆ సమాఖ్యే. అప్పుడు దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. మంగళూరు కతోలిక కుటుంబంలో పుట్టి, గురువు కావాలని బెంగళూరు గురువిద్యాలయంలో చేరి, మధ్యలో వదిలి వచ్చిన మనిషి. సమ్మెను అణచిన ప్రభుత్వానికి అధిపతిగా కాగితాలమీద ఉన్న పేరు రాష్ట్రపతి వి.వి. గిరిది. మంత్రివర్గం సలహా ప్రకారమే రాష్ట్రపతి నడవాలన్నది రాజ్యాంగం. 1954లో మంత్రిగా రాజీనామా చేసిన గిరి ఈసారి చేయలేదు. అప్పటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు, పదవీకాలం మూడు నెలలు మిగిలి ఉంది. మే 27న సమ్మె విరమించారు. రాష్ట్రపతి భవనంలో ఆ ఇరవై రోజులూ ఆయన మనసులో ఏమి నడిచిందో ఊహించి రాయడం నాకిష్టం లేదు. కన్నోలీని, ఖరగ్‌పూర్ గ్యాంగ్‌మెన్‌ను ఆయన మరిచిపోయి ఉంటారని మాత్రం నేను నమ్మను.

ఆగస్టు 24న పదవి దిగారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఢిల్లీ పక్కన నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. వలస కూలీల గురించి అధ్యయనాలు అక్కడ జరుగుతుంటాయి.